మగ గుర్రం వీర్యాన్ని ఫ్రీజ్ చేసి దాచుకోవడం ఎలా: శ్రీకాకుళం, విజయనగరం గుర్రాల యజమానుల కోసం

మన వైపు గుర్రం పెంచేవాళ్ల దగ్గర ఘనీకృత వీర్యం మాటెత్తితే చాలు, "ఆవుకి సూది వేసినట్టే కదా బాబూ?" అని అడుగుతారు. అలా అడగడంలో తప్పేమీ లేదు. గోపాలమిత్ర నత్రజని క్యాన్ బండికి తగిలించుకుని రావడం, వీర్యం నింపిన సన్నటి గొట్టం, అదే స్ట్రా, తీసి గోరువెచ్చని నీళ్లలో ముంచి ఎదకొచ్చిన ఆవుకి వేసి వెళ్లిపోవడం మనందరం చూసిందే. కానీ గుర్రం దగ్గర ఆ లెక్కలు చెల్లవు. ఆవుకి 0.25 మిల్లీలీటర్ల స్ట్రా ఒక్కటి చాలు, అందులో ఉండేవి దాదాపు 2 కోట్ల వీర్యకణాలు. గుర్రానికి మామూలుగా 0.5 మిల్లీలీటర్ల స్ట్రాలు ఎనిమిది వేస్తారు, మొత్తం 80 కోట్ల కణాలు. అంత వేసినా గ్యారంటీ లేదు. పైగా ఒక గుర్రానికీ ఇంకో గుర్రానికీ పోలిక ఉండదు. సహజంగా దాటించినప్పుడు ప్రతిసారీ చూడి నిలబెట్టే గుర్రం వీర్యం కూడా ఫ్రీజ్ చేస్తే పనికిరాకుండా పోవచ్చు.

ఇంకో తేడా వీటన్నిటికంటే పెద్దది. తాజా వీర్యం ఆడ గుర్రం గర్భాశయంలో రెండు మూడు రోజులు బతుకుతుంది. గడ్డకట్టించి కరిగించిన వీర్యం సుమారు పన్నెండు గంటలకే నీరసించిపోతుంది. కాబట్టి అండం విడుదలకు ముందు పన్నెండు గంటల లోపు గానీ, విడుదలయ్యాక ఆరు గంటల లోపు గానీ వేయాలి. అందుకు ఆరు గంటలకోసారి, అర్ధరాత్రయినా సరే, వచ్చి స్కానింగ్ చేసే పశువైద్యుడు కావాలి. అలాంటి మనిషి దొరికాకే మగ గుర్రం మీద ఖర్చు మొదలుపెట్టండి. వీర్యం దాచడానికి నానా తంటాలు పడి, వాడే రోజున స్కానింగ్‌కి ఎవరూ లేక స్ట్రాలు వృథా చేసుకోవడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ముందు ఎవరిని అడగాలి

విజయనగరం జిల్లా గరివిడిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వారి పశువైద్య కళాశాల ఉంది. రెండు జిల్లాల వాళ్లకూ మొదట వెళ్లి మాట్లాడాల్సిన చోటు అదే. పశువుల గర్భకోశ విభాగంలో అడిగి, గుర్రానికి స్కానింగ్ చేసిన అనుభవం ఎవరికి ఉందో కనుక్కోండి. గుర్రాల విషయంలో దేశం మొత్తానికి పెద్ద దిక్కు హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం. దాని రెండో ప్రాంగణం రాజస్థాన్‌లోని బికనీర్‌లో ఉంది. 2023 మే 19న అక్కడే పిండ మార్పిడి పద్ధతిలో, అద్దె తల్లి కడుపున మార్వాడీ జాతి గుర్రం పిల్ల పుట్టింది. దానికి రాజ్-ప్రథమ అని పేరు పెట్టారు, పుట్టినప్పుడు 23 కిలోలు ఉంది. ఈ విద్య మన దేశంలో ఉంది, నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు. మీ పశువైద్యుడికి సందేహం వస్తే వాళ్లతో మాట్లాడమనండి.

ఒక హెచ్చరిక. మీది రేసుల నుంచి వచ్చిన థరోబ్రెడ్ అయితే, కృత్రిమ గర్భధారణతో పుట్టిన పిల్లని ప్రపంచంలో ఎక్కడా రేసు గుర్రంగా నమోదు చేయరు. ఆ జాతిలో సహజ సంపర్కంతో పుట్టిన పిల్లలకే స్టడ్‌బుక్‌లో, అంటే జాతి నమోదు పుస్తకంలో, చోటు. స్వారీకో, ఊరేగింపుకో అయితే అభ్యంతరం లేదు.

ఎప్పుడు మొదలుపెట్టాలి

మార్గశిరం నుంచి మాఘం వరకు వీర్యం తీసి ఫ్రీజ్ చేయడం, ఫాల్గుణం నుంచి ఆడ గుర్రాలకి వాడడం మన వాతావరణానికి నప్పుతుంది. ఆడ గుర్రం ఎద పగటి వెలుగును బట్టి నడుస్తుంది. రథసప్తమి దాటి పొద్దు పొడవయ్యేకొద్దీ ఎదలు క్రమంగా, ఇరవై ఒక్క రోజులకోసారి రావడం మొదలవుతుంది. మగ గుర్రానికి మాత్రం మన మే నెల ఎండ, ఉక్క రెండూ చేటే. వృషణాల వేడి పెరిగితే వీర్యం నాణ్యత పడిపోతుంది, మళ్లీ కోలుకోవడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది. వీర్యకణం తయారవడానికే సుమారు 57 రోజులు కావాలి మరి. గుర్రానికి జ్వరం వచ్చి తగ్గినా ఇదే లెక్క: రెండు నెలలు ఆగి, ఆ తర్వాతే వీర్యం తీయించండి.

గుర్రానికి వయసు మీరేదాకా ఆగవద్దు. నాలుగైదేళ్లు నిండి, ఒళ్లు బాగున్నప్పుడే ఒకసారి పరీక్షగా ఫ్రీజ్ చేయించి చూడండి. దాని వీర్యం గడ్డకట్టడాన్ని తట్టుకుంటుందో లేదో అప్పుడే తెలిసిపోతుంది. తట్టుకోకపోతే వేరే రసాయనాలతో ప్రయత్నించడానికి వ్యవధి ఉంటుంది.

రోగ పరీక్షలు

వీర్యంతో పాటు రోగం కూడా స్ట్రాలో నిల్వ ఉండిపోతుంది. గ్లాండర్స్, గుర్రాల అంటు రక్తహీనత, వైరల్ ఆర్టరైటిస్ (వైరస్ వల్ల వచ్చే రక్తనాళాల వాపు), అంటు గర్భాశయ వాపు, ఈ నాలుగింటికీ పరీక్షలు చేయించాకే పని మొదలుపెట్టాలి. గ్లాండర్స్ మనుషులకూ సోకుతుంది, ప్రాణం తీస్తుంది. చట్టం ప్రకారం అనుమానం రాగానే పశుసంవర్ధక శాఖకు తెలియజేయాలి. ఈ పరీక్షల దగ్గర మొహమాటం పనికిరాదు. రిపోర్టు కాగితం లేని గుర్రం వీర్యాన్ని, అది ఎంత అందమైన గుర్రమైనా, మీ క్యాన్‌లోకి రానివ్వకండి.

వీర్యం తీయడం

మగ గుర్రం ఎక్కడానికి చెక్క దిమ్మతో బొమ్మ గుర్రం చేయించుకోవచ్చు. లావుపాటి దిమ్మకి ఫోమ్ చుట్టి, పైన రెక్సిన్ బిగించి, ఎత్తు మార్చుకునేలా కాళ్లు పెట్టమంటే మన వడ్రంగులే చేసిపెడతారు. కింద నేల జారకూడదు. ఉద్దానం వైపు దొరికే కొబ్బరిపీచు పట్టాలు పరిస్తే గిట్టకి పట్టు దొరుకుతుంది. గుర్రానికి ఉత్సాహం రావడానికి ఎదలో ఉన్న ఆడ గుర్రాన్ని కొంచెం దూరంలో, అడ్డుకర్ర అవతల నిలబెట్టండి. పగ్గం పట్టుకున్న సాయిసు, కృత్రిమ యోని (వీర్యం పట్టే గొట్టం) పట్టుకున్న మనిషి ఇద్దరూ గుర్రానికి ఎడమ వైపునే ఉండాలి. ఇద్దరూ హెల్మెట్ పెట్టుకోవాలి. రోజూ చేతి మేత తినే గుర్రమే కదా అని ధీమాగా ఉండకండి, ఆ క్షణంలో దానికి ఎవరూ కనబడరు.

కృత్రిమ యోని లోపలి వేడి 44 నుంచి 48 డిగ్రీల మధ్య ఉండాలి. నీళ్లు పోసి వదిలేయకుండా థర్మామీటర్‌తో లోపల చూడండి. వీర్యకణాలకు హాని చేయని జెల్లీనే పూయాలి. చేతికి దొరికిన నూనె గానీ సబ్బు నురగ గానీ తగిలితే అంతా పోతుంది. వీర్యం పట్టే సీసా ముందే 37 డిగ్రీలకు వేడెక్కి ఉండాలి, ఎండ తగలకుండా చుట్టి ఉండాలి. జిగురు భాగం విడిపోవడానికి సీసా మూతి దగ్గర ఫిల్టర్ తప్పనిసరి. తోక కొట్టుకోవడం, మూత్రనాళం కింద వేలికి నాడి కొట్టినట్టు తెలియడం వీర్యం వచ్చిందనడానికి గుర్తులు.

చాలాకాలంగా తీయని గుర్రంలో పాత కణాలు పేరుకుపోయి ఉంటాయి. వరసగా ఐదారు రోజులు తీసి ఆ పాత నిల్వను పారబోయండి. ఆ తర్వాత రోజు విడిచి రోజు తీసినది ఫ్రీజింగ్‌కి వాడండి. ఈ ముందు తంతుని ఎగ్గొట్టి మొదటి రోజు వీర్యాన్నే గడ్డకట్టిస్తే, ఫలితం చూసి గుర్రాన్నే తప్పుపడతారు.

ల్యాబ్‌లో తొలి గంట

సీసా చేతికి అందిన కొద్ది నిమిషాల్లోనే అంతే వెచ్చగా ఉన్న పాలపొడి-గ్లూకోజ్ ద్రావణం కలపాలి. లెక్కపెట్టడానికి కొంచెం వీర్యాన్ని మాత్రం ఏమీ కలపకుండా పక్కన ఉంచండి. పాలు కలిశాక ఫొటోమీటర్‌తో (వెలుతురు పంపి కణాలు లెక్కగట్టే యంత్రంతో) లెక్కపెడితే తప్పుడు అంకె వస్తుంది. చురుగ్గా ముందుకు ఈదే కణాలు నూటికి అరవై కంటే తక్కువుంటే ఆ రోజుకి ఆపేయడం మంచిదని నా అభిప్రాయం. బలహీనంగా మొదలైనది గడ్డకట్టాక బాగుపడదు.

లెక్క ఇలా వేసుకోండి. జిగురు తీశాక 50 మిల్లీలీటర్లు వచ్చింది, మిల్లీలీటరుకు 20 కోట్ల కణాలు అనుకుందాం. మొత్తం 1,000 కోట్లు. దాన్ని మిల్లీలీటరుకు 5 కోట్లు ఉండేలా పలుచన చేస్తే 200 మిల్లీలీటర్లు, అంటే సెంట్రిఫ్యూజ్‌లో (గిరగిరా తిప్పే యంత్రంలో) పెట్టే 50 మిల్లీలీటర్ల ట్యూబులు నాలుగు. 600 జీ దగ్గర పది నిమిషాలు తిప్పాలి. ఇక్కడే చాలామంది తడబడతారు. జీ వేరు, ఆర్‌పీఎం వేరు: జీ అంటే తిప్పినప్పుడు కణాల మీద పడే బలం, ఆర్‌పీఎం అంటే నిమిషానికి తిరిగే చుట్లు. రోటర్ (ట్యూబులు పెట్టి తిప్పే చక్రం) వ్యాసార్థం 15 సెంటీమీటర్లయితే 600 జీ అంటే దాదాపు 1,900 ఆర్‌పీఎం, 10 సెంటీమీటర్లయితే దాదాపు 2,300. మీ మెషీన్ వ్యాసార్థం కొలిచి, సరిపడే ఆర్‌పీఎం మెషీన్ మీదే అతికించుకోండి. గట్టిగా తిప్పితే కణాలు నలిగిపోతాయి, మెల్లగా తిప్పితే పైనీటితో కొట్టుకుపోతాయి. బాగా తిప్పినా పావు వంతు పోవడం మామూలే. మిగిలిన 750 కోట్లతో తొమ్మిది డోసులు వస్తాయి.

అడుగున చేరిన ముద్దని ఫ్రీజింగ్ ద్రావణంలో కలపాలి. అందులో గుడ్డు పచ్చసొన, పాలు లేదా లాక్టోజ్, కొద్దిగా గ్లిజరాల్ ఉంటాయి. గ్లిజరాల్ కణాలను మంచు నుంచి కాపాడుతుందని 1949లో ఇంగ్లండ్‌లో కోడిపుంజు వీర్యం మీద తేలింది. ఘనీకృత వీర్యంతో తొలిసారి గుర్రం చూడి కట్టిందని కెనడా శాస్త్రవేత్తలు ప్రకటించింది 1957లో. అయితే గుర్రం వీర్యానికి ఇదే గ్లిజరాల్ మోతాదు మించితే విషం. నూటికి 2.5 నుంచి 5 పాళ్లు దాటనివ్వరు. గ్లిజరాల్‌కి తట్టుకోలేని గుర్రాలకు డైమిథైల్‌ఫార్మమైడ్ లాంటివి కలిపిన ద్రావణం వాడితే కొన్నిసార్లు ఫలితం మారిపోతుంది. అందుకే పరీక్ష ఫ్రీజింగ్‌లో ఒకే వీర్యాన్ని రెండు మూడు ద్రావణాలకు పంచి చూడమని అడగండి.

విదేశీ పద్ధతుల పత్రాల్లో రూమ్ టెంపరేచర్ అని రాసి ఉంటే అది 20 నుంచి 22 డిగ్రీలు. శ్రీకాకుళంలో ఏసీ లేని గది ఏడాదిలో ఎక్కువ కాలం అంత చల్లగా ఉండదు. ఏసీ గది, గోడ మీద థర్మామీటర్, కరెంటు పోతే అందుకునే జనరేటర్ లేకుండా ఈ దశకి రావద్దు.

గడ్డకట్టించడం

ద్రావణంలో కణాల లెక్క మిల్లీలీటరుకు 20 కోట్లు ఉండేలా చూసుకుంటే, 0.5 మిల్లీలీటర్ల స్ట్రాకి 10 కోట్లు వస్తాయి. స్ట్రా మీద గుర్రం పేరు, మైక్రోచిప్ నంబరు, తేదీ, బ్యాచ్ ముద్రించాలి. పెన్నుతో రాస్తే నత్రజనిలో నిలవదు.

నింపిన స్ట్రాలను గంట నుంచి రెండు గంటల పాటు మెల్లగా 5 డిగ్రీలకు దించాలి. 20 నుంచి 5 డిగ్రీల మధ్య తొందరపెడితే కణం పైపొర దెబ్బతింటుంది. తర్వాత థర్మోకోల్ పెట్టెలో ద్రవ నత్రజని పోసి, దాని మట్టానికి 3 నుంచి 4 సెంటీమీటర్ల పైన జాలీ మీద స్ట్రాలను ఒక్క వరసలో, ఒకదానికొకటి తగలకుండా పరవాలి. తీరం గాలిలో తేమ ఎక్కువ, స్ట్రాల మీద చెమ్మ తుడిచి మరీ పెట్టండి. మూత వేసి పది పదిహేను నిమిషాలు కదపకుండా ఉంచి, ఆపైన నత్రజనిలోకి వదలాలి.

ఆ ఎత్తు దగ్గర అశ్రద్ధ కూడదు. మరీ పైన పెడితే చల్లబడడం ఆలస్యమై, కణంలోని నీరంతా బయటికి పోయి, ఉప్పు చిక్కబడి అది చస్తుంది. మరీ కింద పెడితే నీరు బయటికి పోయే వ్యవధి లేక కణం లోపలే మంచు ముక్కలు కడతాయి. నత్రజని ఆవిరవుతూ మట్టం తగ్గుతుంది కాబట్టి ప్రతి బ్యాచ్‌కి ముందు స్కేలుతో కొలవండి. కంప్యూటర్‌తో నడిచే ఫ్రీజర్ ఉన్న ల్యాబ్ దొరికితే ఈ బెడద ఉండదు.

మర్నాడు ప్రతి బ్యాచ్ నుంచి ఒక స్ట్రా కరిగించి చూడాలి. ముందుకు ఈదే కణాలు నూటికి 35 ఉంటే ఎనిమిది స్ట్రాల డోసులో 28 కోట్లు బతికున్నట్టు. 25 కోట్లు ఉండాలన్నది పేరున్న కేంద్రాలు పాటించే కనీస హద్దు. నూటికి 30 కూడా రాని బ్యాచ్‌ని పారేయండి. అంత కష్టపడ్డాక పారేయడం బాధే, కానీ అది వేయించుకున్న ఆడ గుర్రం యజమానికి ఒక ఎద, ఒక సీజను పోతాయి.

నిల్వ

ద్రవ నత్రజని మైనస్ 196 డిగ్రీలు. దానికి కరెంటు అక్కర్లేదు, కరెంటు కోతకి భయం లేదు. భయమంతా రోడ్లు మూసుకుపోవడం గురించే. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు రోడ్లకి అడ్డంగా పడిన చెట్లు మీకు గుర్తుండే ఉంటాయి. తిత్లీ తీరం దాటిందే పలాస దగ్గర. అందుకని సెప్టెంబరు చివర్లో క్యాన్లు నిండా నింపించండి. డిసెంబరు దాకా మట్టం సగానికి దిగకముందే మళ్లీ నింపించండి. స్ట్రాలు మొత్తం ఒక్క క్యాన్‌లో పెట్టకండి. సగం మీ దగ్గర, సగం వేరే ఊళ్లో నమ్మకమైన ల్యాబ్‌లో ఉంచండి.

వారానికోసారి కొలకర్రతో మట్టం చూసి, పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. క్యాన్ మెడ చుట్టూ బయట మంచు పేరుకుంటే లోపలి వాక్యూమ్ పోయిందని అర్థం. ఆ గంటలోనే స్ట్రాలను ఇంకో క్యాన్‌కి మార్చండి. స్ట్రా తీసేటప్పుడు స్ట్రాలు ఉంచిన గొట్టాన్ని క్యాన్ మెడ దాటి పైకి ఎత్తకుండా, ఐదారు సెకన్లలో పని ముగించి కిందికి దించాలి. దొరక్కపోతే దించి, కాసేపాగి మళ్లీ చూడండి. పైకి ఎత్తి వెతుకుతూ నిలబడితే స్ట్రా మైనస్ 130 డిగ్రీల కంటే వేడెక్కి, తిరిగి లోపలికి వెళ్లినా కణాలు చచ్చే ఉంటాయి. చూడ్డానికి ఏ తేడా తెలియదు.

క్యాన్ ఉన్న గదికి కిటికీలు తెరిచి ఉండాలి. లీటరు ద్రవం దాదాపు 700 లీటర్ల వాయువు అవుతుంది, మూసిన గదిలో మనిషికి ఊపిరాడదు. అద్దాలు మూసిన కారులో ఎప్పుడూ తీసుకెళ్లకండి.

ఆడ గుర్రానికి వాడడం

వయసులో ఉన్న, గర్భాశయం శుభ్రంగా ఉన్న ఆడ గుర్రాన్ని ఎంచుకోండి. ముసలిదానికీ, ఇదివరకు చూడి నిలవనిదానికీ ఖరీదైన స్ట్రాలు వాడవద్దు. స్కానింగ్‌లో అండకోశం మీద బుడగ 35 మిల్లీమీటర్లకు చేరి, గర్భాశయం పొరలు ఉబ్బి కనిపించినప్పుడు పశువైద్యుడు అండం విడుదలయ్యేలా చేసే హెచ్‌సీజీ ఇంజెక్షన్ ఇస్తారు. సాధారణంగా 36 నుంచి 48 గంటల్లో అండం విడుదలవుతుంది. ఇంజెక్షన్ ఇచ్చిన ఇరవై నాలుగో గంట నుంచి ఆరు గంటలకోసారి స్కాన్ చేసి, బుడగ పగిలిందని తేలగానే వేయాలి.

ఊరు దూరమై రాత్రి స్కానింగ్ కుదరకపోతే, ఇంజెక్షన్ తర్వాత 24వ గంటలో ఒక డోసు, 40వ గంటలో ఇంకో డోసు వేసే పద్ధతి ఉంది. స్ట్రాలు రెట్టింపు ఖర్చవుతాయి. అయినా రాజాం, టెక్కలి లాంటి చోట్ల లోపలి పల్లెలకు నేను దీన్నే సూచిస్తాను.

స్ట్రాలను 37 డిగ్రీల నీళ్లలో సరిగ్గా 30 సెకన్లు ఉంచాలి. ల్యాబ్ వాళ్లు స్ట్రాలతో పాటు వేరే పద్ధతి రాసిస్తే అదే పాటించాలి. అరచేతిలో రుద్దడం, చొక్కా జేబులో పెట్టుకోవడం పనికిరావు. తీసి పొడిగా తుడిచి, కత్తిరించి, అండం విడుదలైన వైపు గర్భాశయపు కొమ్ము చివరిదాకా పొడవాటి గొట్టంతో చేర్చాలి. మర్నాడు మళ్లీ స్కాన్ చేయించండి. గర్భాశయంలో నీరు చేరి ఉంటే కడిగించి, గర్భాశయం ముడుచుకుని ఆ నీరు బయటికి పోయేలా ఆక్సిటోసిన్ మందు ఇప్పించాలి.

పద్నాలుగు నుంచి పదహారో రోజు మధ్య చూడి పరీక్ష. కవలలున్నాయేమో ఆ రోజే చూడమనాలి, ఒకదాన్ని తీసేయడానికి అదే అనువైన సమయం. ఆడ గుర్రం కవలల్ని మోయలేదు. అన్నీ బాగా చూసుకున్న చోట కూడా ఒక ఎదకి సగానికి సగం నిలిస్తే మంచి ఫలితమే. మూడు ఎదలకు సరిపడా డోసులు ఉంచుకుని దిగండి. నిలిస్తే దాదాపు 340 రోజులు.

గుర్రం హఠాత్తుగా చనిపోతే

కడుపునొప్పితోనో, రోడ్డు ప్రమాదంలోనో మంచి గుర్రం పోతే అప్పుడు కూడా ఒక దారి ఉంది. వృషణాలకు అంటుకుని ఉండే గొట్టాల్లో పక్వమైన కణాలు నిల్వ ఉంటాయి. పశువైద్యుడు వృషణాలను తీసి, శుభ్రమైన సంచిలో కట్టి, మంచు నేరుగా తగలకుండా 5 డిగ్రీల చల్లదనంలో పెట్టి ఇరవై నాలుగు గంటల లోపు ల్యాబ్‌కి చేరిస్తే, ఆ కణాలను ఫ్రీజ్ చేయవచ్చు. పైన చెప్పిన 1957 నాటి చూడి కూడా ఇలాంటి కణాలతోనే కట్టింది. ఆ రాత్రి ఎవరికి ఫోన్ చేయాలో వెతుక్కునే టైమ్ ఉండదు కాబట్టి, ల్యాబ్ నంబరు, పశువైద్యుడి నంబరు, చల్లటి పెట్టెతో అర్ధరాత్రి బయల్దేరగల డ్రైవర్ నంబరు మీ ఫోన్‌లోనే కాకుండా సాయిసు ఫోన్‌లో కూడా ఈ రోజే సేవ్ చేయించండి.